తెరచాపను ఎత్తిన మోకు: తెలుగు నౌకాపదజాలంలో తాళ్లు, గిలకలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తెలుగువారి సముద్రయానాన్ని గురించిన పరిశోధనలు సాధారణంగా రేవులు, సరుకులు, వర్తకులు, శాసనాలు అనే అంశాల చుట్టూ సాగాయి. ఓడను నడిపిన పనిముట్లు, వాటిని పట్టిన చేతుల భాష అంతగా చర్చకు రాలేదు. తెరచాప ఓడలో బరువును పైకెత్తే తాళ్లు, గిలకలు ఎలా పనిచేస్తాయో వివరించి, వాటికి సంబంధించిన తెలుగు పదాలను నాణేలు, నిఘంటువులు, కావ్యాలు, వృత్తుల వాడుక ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సముద్రానికి దూరంగా ఉన్న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి మెట్ట ప్రాంతపు మోట, గీత వృత్తుల పదజాలం ఈ అధ్యయనానికి ఏ విధంగా తోడ్పడుతుందో కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: తెరచాప, మోకు, గిలక, చేంతాడు, గుణవృక్షకం, కోరంగి, మోట, వృత్తి పదజాలం.

1. ఉపోద్ఘాతం

ఇబ్రహీంపట్నం పేరు వినగానే ముందుగా గుర్తుకు వచ్చేది అక్కడి పెద్ద చెరువు. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరుమీద వెలసిన ఊరు ఇది. తెలుగు సాహిత్య విద్యార్థులకు ఆ ప్రభువు ‘మల్కిభరాముడు’గా సుపరిచితుడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమైంది. ఈ ఊరికి సముద్రం లేదు, రేవు లేదు. అయితే ఈ నేల ఏ రాజ్యంలో భాగంగా ఉండేదో, ఆ రాజ్యానికే మచిలీపట్నం ప్రధానమైన రేవు. అక్కడి నుంచి ఓడలు పెగూకు, అచేకు, పారశీక తీరానికి వెళ్లేవి. రాజ్యం ఒకటే, భాష ఒకటే. అయినా ఒక చోట తాడు ఓడ తెరచాపను ఎత్తింది, మరొక చోట బావి నుంచి నీటిని ఎత్తింది.

ఈ రెండు పనులకు వాడిన మాటలు ఎంతవరకు ఒకటి? ఎక్కడ వేరు? ఓడ మీది మాటలు చాలావరకు వాడుక నుంచి తప్పుకుంటున్న ఈ కాలంలో, బావి దగ్గరి మాటలు వాటిని అర్థం చేసుకోవడానికి పనికివస్తాయా? ఈ ప్రశ్నలే ప్రస్తుత పరిశీలనకు మూలం. మోట బావులు ఆగిపోయి, వాటి స్థానంలో విద్యుత్తు మోటార్లు వచ్చాయి. తీరంలో తెరచాపల స్థానంలో ఇంజన్లు వచ్చాయి. రెండు చోట్లా తాడును చేత్తో లాగి బతికిన తరం వయసు మళ్లింది. ఆ తరంతోపాటు వారి మాటలు కూడా పోతే, మనకు మిగిలేవి నిఘంటువుల్లోని కొన్ని సంస్కృత పదాలు మాత్రమే.

2. ఓడలోని తాళ్లు: రెండు విధాలు

తెరచాప ఓడలోని తాళ్లన్నీ ఒకే పని చేయవు. వాటిని ప్రధానంగా రెండు వర్గాలుగా విభజించవచ్చు. కొయ్యను, అంటే ఓడస్తంభాన్ని, ముందుకూ వెనక్కూ పక్కలకూ ఒరగకుండా బిగించి ఉంచేవి మొదటి వర్గం. ఆంగ్లంలో వీటిని స్టే, ష్రౌడ్ అంటారు. ఇవి ఒకసారి కట్టిన తరువాత కదలవు. కదిలేవి, లాగేవి, వదిలేవి రెండవ వర్గం. తెరచాపను పైకెత్తే హాలియార్డ్, తెరచాప కింది మూలను గాలికి అనుగుణంగా బిగించే షీట్ ఈ వర్గానికి చెందుతాయి. సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో మొదటి వర్గాన్ని ‘నిలుపుతాళ్లు’ అనీ, రెండవ వర్గంలో హాలియార్డ్‌ను ‘ఎత్తుతాడు’ అనీ, షీట్‌ను ‘మూలతాడు’ అనీ వ్యవహరించడం జరిగింది. ఇవి వివరణ కోసం ఏర్పరచుకున్న పేర్లే తప్ప, పడవవారి వాడుకలోని పదాలుగా వీటిని భావించరాదు.

ఎత్తుతాడు పనితీరు చూడటానికి సరళమైనది. తెరచాపను ఒక అడ్డదూలానికి కడతారు. ఆ దూలానికి తాడు కట్టి, తాడు రెండవ కొసను కొయ్య తలలోని గిలక మీదుగా కిందికి దింపుతారు. కింద నిలబడినవారు లాగితే దూలం, దానితోపాటు తెరచాప పైకి లేస్తాయి. ఒకే ఒక స్థిర కప్పీ ఉన్నప్పుడు ఎత్తవలసిన బరువు తగ్గదు, లాగే దిశ మాత్రమే మారుతుంది. పైకి ఎత్తవలసిన బరువును కిందికి లాగగలగడం వల్ల మనిషి తన దేహభారాన్ని కూడా ఆ పనికి వినియోగించగలుగుతాడు.

దూలం బరువు ఎక్కువైతే స్థిర కప్పీతోపాటు చర కప్పీ కూడా అవసరమవుతుంది. ఉదాహరణకు 200 కిలోల బరువును నాలుగు తాటివరుసలు పంచుకుని మోస్తే, రాపిడిని లెక్కలోకి తీసుకోనప్పుడు, లాగేవారి మీద పడేది 50 కిలోలే. కానీ ఆ బరువు 10 మీటర్లు పైకి లేవాలంటే 40 మీటర్ల తాడును లాగాలి. బలంలో కలిగిన లాభాన్ని దూరంలో చెల్లించక తప్పదు. పడవ మీద తాడు పొడవు, దాన్ని చుట్టి పెట్టే చోటు, లాగే మనుషుల సంఖ్య అన్నీ ఈ లెక్క మీదే ఆధారపడతాయి.

ఎత్తడం కంటే దించడం ఒక్కోసారి ముఖ్యమైనది. అకస్మాత్తుగా గాలి ముదిరినప్పుడు తెరచాప క్షణాల్లో కిందికి రావాలి. తాడు ముడిపడినా, తడిసి ఉబ్బి గిలకలో ఇరుక్కున్నా, గాలి ఒత్తిడి మొత్తం కొయ్య మీద పడుతుంది. అప్పుడు కొయ్య విరగవచ్చు, ఓడ ఒరిగిపోవచ్చు. కాబట్టి తాడును చిక్కులేకుండా చుట్టి ఉంచడం పడవవారికి ప్రాణరక్షణకు సంబంధించిన క్రమశిక్షణ.

3. దృశ్య ఆధారాలు: నాణెం, కుడ్యచిత్రం

తెలుగు తీరపు ఓడలకు లభించే ప్రాచీన దృశ్య ఆధారాలలో శాతవాహనుల ఓడ నాణేలు ప్రసిద్ధమైనవి. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణుల పేర్లతో ముడిపడిన ఈ సీసపు నాణేల మీద ఒకవైపు రెండు కొయ్యల ఓడ, మరొకవైపు ఉజ్జయిని చిహ్నం కనిపిస్తాయి. ఇ.జె. రాప్సన్ 1908లో ప్రచురించిన ఆంధ్ర రాజవంశ నాణేల సూచిక ద్వారా ఇవి పండితలోకంలో విస్తృతంగా చర్చకు వచ్చాయి. రాధాకుముద్ ముఖర్జీ 1912లో వెలువరించిన భారతీయ నౌకాయాన చరిత్రలో కూడా వీటికి స్థానం దక్కింది.

ఈ నాణేలను సముద్ర వర్తకానికి గుర్తుగా పేర్కొనడం పరిపాటి. అయితే పనిముట్ల దృష్టితో చూస్తే మరొక విషయం ముందుకు వస్తుంది. అరగని నమూనాలలో కొయ్యల నుంచి ఓడ కొసల వైపు దిగే గీతలు కనిపిస్తాయి. ఇవి కొయ్యను బిగించే నిలుపుతాళ్లను సూచిస్తాయని భావించవచ్చు. చిన్న సీసపు బిళ్ల మీద అచ్చు చెక్కిన శిల్పి తాళ్లను వదిలిపెట్టలేదు. అంటే ఓడ అనగానే అతని కంటికి కట్టిన రూపంలో కొయ్యతోపాటు తాళ్లూ ఉన్నాయి. అయితే అంత చిన్న చిత్రంలో ఎత్తుతాడును నిలుపుతాటి నుంచి వేరుచేసి గుర్తించడం సాధ్యం కాదు. ఆధారం చెప్పగలిగిన మేరకే దాన్ని ప్రమాణంగా స్వీకరించాలి.

అజంతా రెండవ గుహలోని కుడ్యచిత్రంలో మూడు కొయ్యలు, పొడవాటి తెరచాపలు ఉన్న ఓడ కనిపిస్తుంది. ఇది తెలుగు తీరానికి చెందినదని చెప్పడానికి వీలులేదు. కానీ తెరచాపలను నిలువుగా ఎత్తే పద్ధతి దక్కను చిత్రకారులకు తెలిసినదేనని ఇది నిరూపిస్తుంది. క్రీ.శ. ఒకటవ శతాబ్దపు ‘పెరిప్లస్’ మసాలియా ప్రాంతాన్ని, కోరమండల్ తీరపు పెద్ద ఓడలను ప్రస్తావించింది. రెండవ శతాబ్దపు టాలెమీ, సువర్ణభూమికి బయలుదేరే ఓడలు తీరాన్ని విడిచే స్థానాన్ని ఈ ప్రాంతంలోనే సూచించాడు. తీరం వెంట సాగే పడవకు తెడ్డు, గడ చాలవచ్చు. తీరాన్ని విడిచి బంగాళాఖాతాన్ని దాటే ఓడకు మాత్రం బలమైన కొయ్య, దాన్ని నిలిపే తాళ్లు, తెరచాపను ఎత్తే తాళ్లు తప్పనిసరి.

4. వాఙ్మయ ఆధారాలు: కూపకం నుంచి జోంగు వరకు

సంస్కృత నిఘంటువులలో ‘అమరకోశం’ వారివర్గం ఓడకు సంబంధించిన పదాలను ఒకచోట చేర్చింది. అందులో ఓడస్తంభానికి చెప్పిన రెండు పేర్లు – కూపకం, గుణవృక్షకం – ఈ చర్చకు కీలకమైనవి. గుణం అంటే తాడు, వృక్షం అంటే చెట్టు. గుణవృక్షకం అంటే ‘తాళ్ల చెట్టు’. ఓడస్తంభాన్ని తెరచాప మోసే కొయ్యగా కాక, తాళ్లు కట్టే చెట్టుగా ఈ పదం దర్శించింది. గుణ శబ్దానికి సుగుణం, వింటినారి, తాడు అనే అర్థాలున్నాయి. కావ్యాలలో శ్లేషకు విరివిగా పనికివచ్చిన ఈ శబ్దానికి ఓడ మీద ఒక పని అర్థం ఉన్నదని తరగతి గదిలో చెప్పడం అరుదు.

కూపకం అనే పదం మరింత ఆసక్తికరం. కూపం అంటే బావి. కూపకానికి గుంట, చిన్న బావి అనే అర్థాలతోపాటు ఓడస్తంభం అనే అర్థమూ ఉంది. ఈ రెండు అర్థాలు ఎలా ఏర్పడ్డాయో నిర్ధారించడం ఇక్కడి ఉద్దేశం కాదు. అయినా బావి, ఓడస్తంభం ఒకే శబ్దాన్ని పంచుకోవడం గమనించదగిన విషయం.

దేశి పదాల విషయానికి వస్తే ‘తెరచాప’ అనే మాటే ఒక ఆధారం. తెర అంటే అడ్డుగా కట్టే వస్త్రం. చాప అంటే అల్లిన పరుపు. పడవవారి వాడుకలో ‘చాప ఎత్తడం’, ‘చాప దించడం’ అని చాప శబ్దం ఒక్కటే తెరచాపను సూచిస్తుంది. అల్లిన చాపలను తెరచాపలుగా వాడే పద్ధతి ఆగ్నేయాసియా సముద్రాలలో బాగా తెలిసినదే. తెలుగు పదం కూడా ఒకనాటి ముడిసరుకును గుర్తుపెట్టుకుందని ఊహించడానికి అవకాశం ఉంది. నూలుగుడ్డ వచ్చిన తరువాత కూడా పాత పేరే నిలిచింది.

కావ్యాలలో శ్రీనాథుని ‘హరవిలాసం’ ఈ సందర్భంలో తప్పక స్మరించదగినది. కృతిభర్త అవచి తిప్పయసెట్టి సముద్ర వర్తకుడు. ఆయన సుగంధద్రవ్యాలను తెప్పించిన తీరును వర్ణిస్తూ శ్రీనాథుడు కప్పలి, జోంగు, వల్లి మొదలైన ఓడల రకాలను పేర్కొన్నాడు. వీటిలో జోంగు అనే పదం మలయ్ భాషలోని ‘జోంగ్’తో సంబంధం కలది. కవి ఓడల పేర్లను చెప్పాడు, సరుకుల పేర్లను చెప్పాడు, రేవుల పేర్లను చెప్పాడు. వాటిని నడిపిన తాళ్ల పేర్లు చెప్పవలసిన అవసరం ఆయనకు కలగలేదు. కావ్య దృష్టి వర్తకునిది, పదకోశ దృష్టి పండితునిది. పనివాని దృష్టి ఈ రెండింటికీ బయట ఉండిపోయింది.

శాసనాలలో గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (క్రీ.శ. 1244–45) గాలివానకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలాత్కారంగా తీసుకునేవారని చెప్పి, ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అభయమిచ్చింది. ఈ శాసనాన్ని ఆర్థికనీతికి ఉదాహరణగా చదువుతాం. కానీ అది ప్రస్తావించిన పరిస్థితి గాలిని ఓడ తట్టుకోలేకపోవడం. కొయ్య విరిగిన, తాళ్లు తెగిన ఓడే గాలికి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. అభయశాసనంలోని కరుణ వెనుక ఈ భౌతిక సత్యం కూడా ఉంది.

5. కోరంగి: దోనీ, తుఫాను

గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న కోరంగి, అలాగే నరసాపురం, మాధవాయిపాలెం ఓడల నిర్మాణానికి పేరుపొందిన ప్రదేశాలు. 1669–1679 మధ్య బంగాళాఖాతం చుట్టూ తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరే నరసాపురం ప్రాంతపు ఓడల నిర్మాణాన్ని తన గ్రంథంలో వర్ణించాడు. కొబ్బరిపీచు తాళ్లతో పలకలను కుట్టి చేసే మసూలా పడవల గురించి కూడా ఆయన రాశాడు. ఈ పడవలో తాడు తెరచాపకు కాక, ఓడ దేహానికే కీలుగా పనిచేస్తుంది. అలల తాకిడికి మేకు కొట్టిన పలక పగులుతుంది, కుట్టిన పలక వంగుతుంది.

1834లో జాన్ ఎడ్యే రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోరమండల్, మలబార్, సింహళ తీరాల పడవలను వర్ణించాడు. అందులోని కోరమండల్ దోనీ సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు కలిగి, అడుగు చదునుగా ఉండే సరుకు పడవ. దానికి కొయ్య ఒక్కటే. తెరచాప ఒక్కటే. వాతావరణం అనుకూలంగా ఉన్న కాలంలోనే అది ప్రయాణించేది. ఇంత పెద్ద దేహాన్ని ఒకే తెరచాప నడిపించాలంటే ఆ తెరచాప పెద్దదిగా, దాని దూలం బరువైనదిగా ఉండక తప్పదు. కాబట్టి ఎత్తుతాటి మీద పడే భారం కూడా ఎక్కువే. అనేక చిన్న తెరచాపలున్న ఓడలో ఒక తాడు తెగితే మరొక తెరచాప ఆదుకుంటుంది. ఒకే తెరచాప ఉన్న పడవలో ఎత్తుతాడు తెగడం అంటే ఓడ నడక ఆగడమే.

1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన తుఫాను ఉప్పెనలు కోరంగిని ధ్వంసం చేశాయి. కలకత్తాలో ఉండి హిందూ మహాసముద్రపు తుఫానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెనలను కూడా పరిశీలించాడు. 1848లో నావికుల కోసం ప్రచురించిన గ్రంథంలో ఆయన ప్రతిపాదించిన ‘సైక్లోన్’ అనే పదం ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. తుఫానులకు తోడు నదీముఖం మేట వేయడంతో రేవు ప్రాధాన్యం కాకినాడకు తరలింది. ఆ ఊరి పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాకు వలసవెళ్లిన తెలుగు కూలీలను అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచారు.

6. నార, పురి, పేట: తాటి నిర్మాణం

తాడు బలం దాని పురిలో ఉంటుంది. నారను ఒక దిశలో పేనితే నూలు ఏర్పడుతుంది. అటువంటి నూళ్లను కలిపి ఎదురు దిశలో పేనితే పేట ఏర్పడుతుంది. పేటలను మళ్లీ ఎదురు దిశలో పేనితే తాడు అవుతుంది. ఒక పురి విడిపోవడానికి ప్రయత్నిస్తే దాని ఎదురు పురి బిగుస్తుంది. ఈ పరస్పర నిరోధమే తాడును తాడుగా నిలుపుతుంది. మూడు పేటల తాళ్లు మూడింటిని కలిపి పేనితే తొమ్మిది పేటల లావుమోకు తయారవుతుంది. లంగరుకు, రథానికి ఇటువంటి మోకులే కావాలి.

సాహిత్య విద్యార్థులకు పరిచితమైన ‘ముప్పిరిగొను’ అనే క్రియ ఈ పనినుంచి వచ్చినదే. ముప్పిరి అంటే మూడు పురులు. ఆనందం ముప్పిరిగొన్నది, దుఃఖం ముప్పిరిగొన్నది అని వ్రాసేటప్పుడు మూడు పేటలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని బిగిసిన తాడు ఆ మాట అడుగున ఉంది. ‘ముప్పేట’ అనే పదానికీ ఇదే నేపథ్యం.

తెలుగునాట తాళ్లకు వాడిన నారలు అనేకం. జనుము, గోగు, కొబ్బరిపీచు ముఖ్యమైనవి. కొబ్బరిపీచు తాడు తేలికైనది, నీటిలో తేలుతుంది, ఉప్పునీటికి త్వరగా చెడదు, లాగినప్పుడు సాగుతుంది. ఈ సాగే గుణం లంగరుతాటికి మేలు చేస్తుంది. అల పోటును అది మింగుతుంది. ఎత్తుతాటికి అదే గుణం లోపమవుతుంది. సాగిన తాటివల్ల బిగించిన తెరచాప కొంత కిందికి జారుతుంది. తాడు ఒక్కటే అయినా పనిని బట్టి దాని గుణం దోషంగా మారుతుంది.

ఐరోపా నౌకాదళాలు రష్యా జనపనార మీద ఆధారపడిన కాలంలో, దానికి ప్రత్యామ్నాయం కోసం ఈస్టిండియా కంపెనీ భారతదేశపు నారలను పరీక్షింపజేసింది. సామర్లకోటలో పనిచేసి తరువాత కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ జనుము మొదలైన నార మొక్కలపై ప్రయోగాలు చేశాడు. 1855లో ఫోర్బ్స్ రాయిల్ భారతదేశపు నార మొక్కలపై ప్రచురించిన గ్రంథం తాళ్లకు పనికివచ్చే నారలను ప్రత్యేకంగా చర్చించింది. పొలంగట్టున రైతు పేనిన జనుపతాడు ఒకానొక దశలో సామ్రాజ్యపు నౌకాదళ అవసరాల లెక్కలోకి ఎక్కింది.

7. మెట్టనేలలోని మోకు: మోట, తాటిచెట్టు

ఇబ్రహీంపట్నం పరిసరాలతోసహా తెలంగాణ మెట్ట ప్రాంతాలలో బావి సేద్యానికి ఒకప్పుడు మోట ఆధారం. రాయలసీమలో దీన్నే కపిల, కపిలి అంటారు. మోట నిర్మాణాన్ని తాళ్ల దృష్టితో పరిశీలిస్తే ఓడతో దాని సామ్యం స్పష్టమవుతుంది. మోటకు రెండు తాళ్లుంటాయి. ఒకటి లావుమోకు. ఇది బావి అంచున ఎత్తున ఉన్న గిరక మీదుగా వచ్చి నీటి బొక్కెనను పైకి లాగుతుంది. రెండవది సన్నని తాడు. ఇది కింది దిమ్మె మీదుగా వచ్చి బొక్కెన తొండాన్ని మడిచి పట్టి ఉంచుతుంది. ఎడ్లు రెండు తాళ్లను ఒకేసారి లాగుతూ వాలుబాట మీద దిగుతాయి. బొక్కెన పైకి చేరగానే తొండం తెరుచుకుని నీరు కాలువలో పడుతుంది.

ఇక్కడ లావుమోకు బరువును ఎత్తుతుంది, సన్నతాడు ఎత్తిన వస్తువు ఆకారాన్ని అదుపు చేస్తుంది. ఓడలో ఎత్తుతాడు తెరచాపను ఎత్తుతుంది, మూలతాడు దాని ఆకారాన్ని గాలికి అనుగుణంగా అదుపు చేస్తుంది. ఎడ్లు వాలుకు దిగుతూ తమ దేహభారాన్ని లాగుడుకు జోడించినట్లే, పడవవారు వెనక్కు వాలి తమ బరువును తాటికి జోడిస్తారు. గాలిని పట్టే సాధనానికీ నీటిని పట్టే సాధనానికీ ఒకే యాంత్రిక ఆలోచన ఆధారం.

పదాల ఏర్పాటులో కూడా ఇటువంటి సామ్యమే ఉంది. బావి నుంచి నీటిని లాగడాన్ని ‘చేదు’ అనే క్రియతో చెబుతాం. చేదే తాడు ‘చేంతాడు’. ఆంగ్లంలో హాలియార్డ్ అనే పదం మొదట ‘లాగు’ అనే అర్థమున్న క్రియ నుంచి ఏర్పడి, తరువాత అడ్డదూలాన్ని సూచించే ‘యార్డ్’ అనే పదం ప్రభావంతో నేటి రూపం పొందింది. రెండు భాషలూ పైకెత్తే తాటికి ఎత్తబడే వస్తువును బట్టి కాక, చేతి పనిని బట్టి పేరు పెట్టాయి. నిఘంటుకర్తలు, అనువాదకులు హాలియార్డ్ వంటి పదాలకు సమానార్థకాలను వెతికేటప్పుడు ఈ పద్ధతి మార్గదర్శకం కాగలదు.

గీత వృత్తిలో మోకు మరొక రూపం ధరిస్తుంది. గీత కార్మికుని నడుమును తాటిచెట్టుతో కలిపి చుట్టే మోకు అతణ్ణి చెట్టుమీద నిలుపుతుంది. పై విభజన ప్రకారం ఇది నిలుపుతాడు, మనిషే దానికి బరువు. మోకు జారితే ప్రాణం పోతుంది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికుల రక్షణకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో తాళ్లు, నడుముపట్టీలతో కూడిన పరికరాలను పంపిణీ చేయడం ప్రారంభించింది. ఆ కార్యక్రమం మొదలైనది ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలోని లష్కర్‌గూడలోనే. పరికరం మారినప్పుడు పాత పరికరం భాగాల పేర్లు త్వరగా మరుగున పడతాయి. కార్మికుని ప్రాణం దక్కడం అన్నిటికంటే ముఖ్యం. మార్పు జరుగుతున్న ఈ సమయంలోనే పాత పేర్లను నమోదు చేసుకోవడం పరిశోధకుల బాధ్యత.

8. పదాల ప్రయాణం: తండేలు, సరంగు, లస్కర్

ఓడ మీది తెలుగు అచ్చమైన తెలుగుగా ఎన్నడూ లేదు. పడవ నాయకుణ్ణి సూచించే ‘తండేలు’ అనే పదం తెలుగు, మలయాళం, మరాఠీ భాషల్లో స్వల్ప భేదాలతో కనిపిస్తుంది. అదే ఆంగ్లంలోకి ‘టిండల్’గా వెళ్లింది. సరంగు, లంగరు పారశీకం నుంచి వచ్చాయి. వివిధ తీరాల నావికులు కలిసి పనిచేసిన ఓడల మీద ఒక మిశ్రమ భాష ఏర్పడింది. 1811లో కలకత్తాలో థామస్ రోబక్ ప్రచురించిన ఆంగ్ల–హిందూస్తానీ నౌకా నిఘంటువు ఆ భాషను నమోదు చేసిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది. తాడు లాగమని, వదలమని ఇచ్చే ఆజ్ఞలు అందరికీ ఒకే క్షణంలో అర్థం కాకపోతే ప్రమాదం కాబట్టి ఆ నిఘంటువు అవసరమైంది.

‘లస్కర్’ అనే పదం ఈ ప్రయాణానికి చక్కని ఉదాహరణ. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. ఓడల మీద అది నావికుడికి పేరైంది. సికింద్రాబాదుకు అది దండు అనే అర్థంతో పేరైంది. నీటిపారుదల శాఖలో కాలువలను కనిపెట్టి, తూముల తలుపులను ఎత్తే ఉద్యోగిని నేటికీ లస్కర్ అనే అంటారు. ఒకే పదం సముద్రం మీద తెరచాపను ఎత్తినవాణ్ణి, చెరువు కింద తూమును ఎత్తినవాణ్ణి సూచించింది.

9. పదనిర్ణయంలో జాగ్రత్తలు

పోలికలు ఆకర్షణీయమైనవి కాబట్టే వాటి విషయంలో జాగ్రత్త అవసరం. కోరంగిని ఆనుకుని ఉన్న తాళ్లరేవును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఓడల నిర్మాణ కేంద్రం పక్కన ‘తాళ్ల రేవు’ అనే ఊరు కనిపించగానే, ఓడలకు తాళ్లు అందించిన రేవు అని వ్యుత్పత్తి చెప్పాలనిపిస్తుంది. అయితే తెలుగులో తాటిచెట్టుకు కూడా ‘తాడు’ అనే పేరుంది. దాని బహువచనం కూడా తాళ్లే. తాళ్లపాక, తాళ్లపూడి వంటి ఊర్లకు ఓడలతో సంబంధం లేదు.

ఈ సందేహాన్ని తీర్చే భాషాశాస్త్ర మార్గం ఒకటి ఉంది. ప్రాచీన భాషలో నార తాటికి ‘త్రాడు’ అని రకారంతో కూడిన రూపం ఉంది. చెట్టుకు రకారం లేని ‘తాడు’ అనే రూపం ఉంది. పదాదిలోని సంయుక్త రకారం వ్యవహారంలో లోపించడంతో ఈ రెండు పదాలు ఒకటైపోయాయి. కాబట్టి ఊరి పేరు పాత శాసనాలలో, కైఫీయతులలో ‘త్రాళ్ల–’ అనే రూపంలో కనిపిస్తే ఓడతాళ్ల వాదానికి బలం చేకూరుతుంది. ‘తాళ్ల–’ అనే రూపంలోనే కనిపిస్తే తాటిచెట్ల వైపే మొగ్గవలసి ఉంటుంది. అటువంటి ఆధారం చేతికి వచ్చేవరకు తాళ్లరేవును నౌకాపదజాలానికి సాక్ష్యంగా వాడరాదు.

అదేవిధంగా మోటకూ ఓడకూ మధ్య కనిపించే సామ్యం ఒకదాని నుంచి మరొకటి పుట్టిందనడానికి నిదర్శనం కాదు. ఒకే సమస్యకు రెండు చోట్ల ఒకే విధమైన పరిష్కారం దొరకవచ్చు. ఇక్కడ ప్రతిపాదిస్తున్నది చారిత్రక సంబంధాన్ని కాదు, పదజాల సేకరణకు పనికివచ్చే ఒక అన్వయ పద్ధతిని.

10. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు నౌకాపదజాలాన్ని ఓడల రకాలకు పరిమితం చేయకుండా భాగాలకు, పనులకు విస్తరింపజేయాలి. రెండవది, ‘తాడు’ అనే ఒక్క మాటతో సరిపెట్టకుండా, నిలిపే తాడు, ఎత్తే తాడు, అదుపు చేసే తాడు అనే పనిభేదాన్ని అనుసరించి పదాలను సేకరించాలి. మూడవది, మోట, గీత, రథం వంటి మెట్ట ప్రాంతపు పనుల నుంచి సేకరించిన పదాలను తీరప్రాంతపు పదాలతో పోల్చాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటి ఇటువంటి సేకరణకు చక్కని నమూనా.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు తీరంలోని వయోవృద్ధులలో చేత్తో తెరచాపను ఎత్తినవారు ఇంకా ఉన్నారు. ఇబ్రహీంపట్నం వంటి ప్రాంతాల్లో మోటకొట్టిన రైతులూ ఉన్నారు. వారి దగ్గరకు వెళ్లే పరిశోధకుడు ‘దీన్నేమంటారు?’ అని అడగడంతో ఆగకుండా, ‘ఇది తెగితే ఏమవుతుంది?’ అని కూడా అడగాలి. మొదటి ప్రశ్నకు ఒక పదం దొరుకుతుంది. రెండవ ప్రశ్నకు ఆ పదం మోసిన బరువు తెలుస్తుంది.